అడగని నీళ్లు

అయినా అది పాపం ఎలా అవుతుంది, పోసింది మూతెడు నీళ్లే కదా అని మరోసారి తనకు తాను చెప్పుకుంటూ, ఆమె తెల్లగుడ్డ అంచు మడిచింది. గాలపు తాళ్లకు కట్టే సీసపు గుండ్లను ఆ మడతలో పెట్టి కుట్టాలి. లేకపోతే చర్చిలో నీళ్ల తొట్టిలో దిగగానే అంగీ గొడుగులా విచ్చుకుని పైకి తేలుతుంది. ఆదివారం అత్తయ్య బాప్తిస్మం తీసుకుంటోంది. దర్జీ పని చేసే కోడలు ఇంట్లో ఉండగా ఆ అంగీ బయట కుట్టించడమేమిటని ఆవిడే గుడ్డ కొనుక్కొచ్చింది.

ఆమె పుట్టింటివాళ్ల చర్చిలో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు. అక్కడ గంట కొట్టే పని చేసిన నాన్న అనేవాడు, "బిడ్డ అడిగిందని ఎత్తుకుంటామా తల్లీ? అడక్కపోయినా ఎత్తుకుంటాం. కృప అంటే అంతే." అత్తవారి చర్చిలో అది కుదరదు. పెద్దయ్యాక, తెలిసి, తనంతట తానే వచ్చి అడిగితేనే నీళ్లలో ముంచుతారు. ఈ విషయంలో అత్తయ్య వాళ్లకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ఏళ్ల తరబడి వెనక వరసలో కూర్చుని, ప్రభువు బల్ల రొట్టె పళ్లెం వస్తే, బాప్తిస్మం కాలేదు కనుక తాను తీసుకోకుండా పక్కవాళ్లకు అందించేది. పాస్టరుగారు నచ్చజెప్పబోతే, టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా రిటైరైన ఆవిడ నవ్వేది.

"అవతలి మనిషి హలో అనందే నేను ఎవరి లైనూ కలపలేదండీ. తొందర దేవుడికా, మీకా?"

కోడలికీ చురకలు తప్పేవి కావు. "మీవాళ్లదే నయం. నిద్రలో ఉండగానే పరలోకం టికెట్టు చేతిలో పెట్టేస్తారు."

మొన్నటి చలికాలంలో నిమ్ము చేసి అత్తయ్యకు స్పృహ తప్పింది. డాక్టరు పెదవి విరిచాడు. తన భర్త మందులకు వెళ్లాడు. ఆస్పత్రి గదిలో అత్తాకోడళ్లిద్దరే మిగిలారు. ప్రాణం మీదికి వస్తే బాప్తిస్మం ఎవరైనా ఇవ్వొచ్చని నాన్న చెప్పేవాడు. ఆమె నీళ్ల బాటిల్ మూత తీసి, దాంతోనే ఆ నుదుటి మీద నీళ్లు పోసి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం పలికింది.

అత్తయ్య బతికింది.

ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే, రెండోసారి ఇవ్వకూడదు. అదీ నాన్న మాటే. కానీ ఆమెను తినేస్తున్నది అది కాదు. భయంతో చేశాను, ప్రేమతో చేశాను అని ఎంత చెప్పుకున్నా, నీళ్లు కణతల మీదుగా దిండులోకి జారుతున్నప్పుడు లోపల కదిలింది ప్రార్థన కాదు. 'ఇప్పుడేమంటారు?' అన్న తృప్తి. నోరెత్తలేని మనిషి మీద నెగ్గిన తృప్తి. అది గుర్తొచ్చినప్పుడల్లా అరచెయ్యి చెంగుకు తుడుచుకుంటుంది, తడి లేకపోయినా.

"అమ్మాయ్, పొడవు చూడు." అత్తయ్య ఆమె చేతిలోని అంగీ తీసుకెళ్లి తొడుక్కుని వచ్చింది. "దిండు గలీబులో దూరినట్టున్నాను కదూ?"

"బాగానే ఉన్నారత్తయ్యా. కదలకండి."

"గుండ్లు గట్టిగా కుట్టు. నా పిక్కలు బయటపడ్డాయంటే పాపం పాస్టరుగారి రక్షణ పోతుంది."

"అంత తేలిగ్గా పోతుందా?"

"విశ్వాసం మీద పట్టు వదిలితే పోతుందనే కదమ్మా ఆయన చెప్పేది."

కోడలు గుండుసూదులు నోట్లో పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని అంచు సరిచేస్తోంది. పైనుంచి అత్తయ్య గొంతు తగ్గి వినబడింది.

"ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. నవ్వకు. ఆస్పత్రిలో ఒళ్లు తెలియకుండా ఉన్నప్పుడు నుదుటి మీద చల్లగా ఏదో తగిలింది. తర్వాత నర్సునడిగితే ఎవరూ ఏమీ చెయ్యలేదంది. ఇన్నాళ్లూ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తనిది నేనేననిపించింది. అందుకే ఒప్పుకున్నా."

సూదుల ఇనుపరుచి నాలుకకు తగిలింది. చెప్పకపోతే ఆవిడ సంతోషంగా నీళ్లలోకి దిగుతుంది. చెబితే ఆ పిలుపే చేతిలోంచి లాక్కున్నట్టవుతుంది. ఏమో, ఆ పిలుపు తన చేతిగుండానే వచ్చిందేమో. మనిషి గర్వం కూడా దేవుడికి పనికొస్తుందేమో. ఆ ఆలోచన మరీ హాయిగా ఉంది. అందుకే ఆమె దాన్ని నమ్మలేకపోయింది. స్పృహ లేని మనిషి తరఫున ఒకసారి తనే నిర్ణయించింది. ఇప్పుడు నోరు మూసుకుంటే, ఎదురుగా నిలబడి నవ్వుతున్న మనిషి తరఫున కూడా తనే నిర్ణయించినట్టు.

"ఏమ్మా, ముసలిదానికి మతి పోయిందనుకుంటున్నావా?"

ఆమె సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి గుడ్డకు గుచ్చింది. తలెత్తింది.

"అత్తయ్యా, ఆ నీళ్లు నేను పోశాను."