రెండో జాడీ

"అమ్మా, ఏసీ నీళ్లు కారి మెయిన్ కంప్యూటర్ తడిసిపోయింది. మధ్యాహ్నం భోజనానికి రాను" అని భానుశ్రీ ఫోను పెట్టేసింది. ఛాయాదేవి గబుక్కున పొయ్యి కట్టేసింది.

గవర్నర్‌పేట ఫొటో స్టూడియోలో కూతురి ఉద్యోగం. ఎందరివో పెళ్లి ఫొటోలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉంటాయి. రోజూ కొట్టు కట్టే వేళకి వాటి నకలు నెట్‌వర్క్ మీదుగా ఇంకో పెట్టెలో పడేలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టించింది భానుశ్రీయే. ఫొటోలు పోతే అందరూ వేలెత్తి చూపేది తన కూతుర్నే.

ఛాయాదేవి క్యారేజీ సర్దుకుని ఆటో ఎక్కింది. ఆ బ్యాకప్ పెట్టించిన కొత్తలో కూతుర్ని ప్రశ్నలతో వేపుకు తిన్నదంతా దారి పొడుగునా గుర్తొచ్చింది.

"కరెంటు పోతేనో?"

"వచ్చాక మళ్లీ మొదలెడుతుందమ్మా."

"ఎవరైనా చెరిపేస్తే?"

"పాత నకళ్లు కొన్నాళ్లు ఉంటాయి."

"ఇంతకీ ఆ నకలు పెట్టె ఎక్కడుంది?"

"పక్కనే, అదే టేబుల్ మీద."

"బాగానే ఉంది! ఆవకాయ జాడీలు రెండూ ఒకే అటక మీద పెడతానా నేను?"

భానుశ్రీ పడీపడీ నవ్వింది. బూజు పడుతుందేమో, పిల్లి దొర్లిస్తుందేమో అని ఏటా రెండో జాడీని అక్క సంపూర్ణమ్మ ఇంట్లో దాస్తుంది ఛాయాదేవి. దాచి ఊరుకోదు, అప్పుడప్పుడూ వెళ్లి మూత తీసి చూసొస్తుంది.

స్టూడియోలో ఓనరు వెంకటసుబ్బారావు తల పట్టుకుని ఉన్నాడు. "సాయంత్రం పెళ్లివారు ఆల్బమ్ చూడ్డానికొస్తారు. నీ నకలు పెట్టె కూడా తడిసిందిగా అమ్మాయ్! ఏం చెప్పమంటావ్?"

ఛాయాదేవి గుమ్మంలోనే చేతులు జోడించింది. అమ్మా దుర్గమ్మా!

భానుశ్రీ లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "మన బెంజ్ సర్కిల్ బ్రాంచిలో ఇంకో నకలుందండీ. మా అమ్మ జాడీల గొడవ పెట్టాక అక్కడా పడేట్టు చేశాను."

"అందులోంచి సరిగ్గా వస్తాయంటావా?"

"నెలనెలా ఒక పెళ్లి తీసి చూస్తూనే ఉన్నానండీ. మూత తీసి చూడకపోతే మా అమ్మ ఊరుకోదు."

తెర మీద గీత మెల్లగా నిండింది. జీలకర్రా బెల్లం పెడుతున్న పెళ్లికూతురు కనబడింది. ఆమె వెనకే మిగిలిన ఫొటోలన్నీ వరస కట్టాయి. ఓనరు తెర దగ్గరికి వంగి చూశాడు.

"భానుశ్రీగారూ, పరువు నిలబెట్టారండీ!"

ఆ 'గారు' ఛాయాదేవి చెవిలో గంటలా మోగింది. కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే గుబులు పుట్టింది. "ఒసేయ్, మరిప్పుడు ఆ బెంజ్ సర్కిల్‌దొక్కటేగా మిగిలింది?"

"పొద్దున్నే కొత్త డ్రైవ్ తెప్పించానమ్మా. ఆ పక్కన దాన్లోకీ ఎక్కుతున్నాయి చూడు."

ఛాయాదేవి క్యారేజీ విప్పి కూతురికి ముద్ద కలిపింది.

తిరుగు ఆటోలో డ్రైవరు అడక్కుండానే మొదలెట్టింది. "మా అమ్మాయి స్టూడియోలో కంప్యూటర్లు చూస్తుంది బాబూ. ఇవాళ ఎవరిదో పెళ్లంతా వెనక్కి తెచ్చింది! అవునూ, నీ ఫోన్లో పిల్లల ఫొటోలకి నకలుందా?"

"ఉందమ్మా, మెమరీ కార్డులో ఎక్కించా."

"ఆ కార్డెక్కడుంది?"

"ఫోన్లోనే."

"అయ్యో, ఆటో పక్కకి ఆపు నాయనా!"