తెల్లబడ్డ చిగుళ్ళు

కుక్కకూన చెవి మడతలో ఒకటి, కాలివేళ్ళ సందున రెండు, తోక మొదట్లో శనగగింజంత లావెక్కి మరొకటి. నెత్తురు తాగి ఉబ్బిన పిడుదుని తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగాలి. తొందరపడితే ఒళ్ళు చేతికొస్తుంది, నోరు చర్మంలోనే ఉండిపోతుంది. కనుబొమలు తీర్చుకోవడానికి ఆమె కొనుక్కున్న చిన్న పట్టకారు ఇప్పుడీ పనికే. తీసినదాన్ని తీసినట్టు స్పిరిట్ సీసాలో వేస్తోంది. మూడు కూనలు ఆమె చెప్పులు కొరుకుతున్నాయి. నాలుగోది మాత్రం ఒళ్ళో కదలకుండా పడుకుంది.

"ఇంకా కాలేదా? పదకొండింటికి కూనని కొనడానికి ఆవిడొస్తారు," అన్నాడు భర్త, వరండాలోకి తల మాత్రం పెట్టి. "నేను తెచ్చిన స్ప్రే కొడితే క్షణంలో పోయేవిగా."

"అది పెద్ద కుక్కలకండీ. ఇంత పసివాటికి కొడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరుగారు చెప్పారు."

"డాక్టరు చెప్తే వేదం, మొగుడు చెప్తే గాలి."

కుక్కపిల్లల్ని అమ్మడం అతని పక్క వ్యాపారం. 'నేను కుక్కల్ని పెంచుతాను' అని కనిపించిన వాళ్ళందరికీ చెబుతాడు. పెంచడమంటే పొద్దున్నే వరండా కడగడం, పక్కగుడ్డలు మరిగే నీళ్ళలో ఉడికించడం, పిడుదులు దాక్కునే గోడ బీటలు వెతికి పూడ్చడం, ఏది పాలు తాగిందో ఏది తాగలేదో పొట్టలు తడిమి చూడడం. అవన్నీ ఆమెవి. మీ ఆవిడ ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, "ఏముంది, ఇంట్లో ఖాళీయే" అంటాడు. కుక్కల్ని ముట్టిన చేతులతో గిన్నెలు ముట్టుకోవద్దంటుంది అత్తగారు. అన్నం వేళకి ఆ చేతులే ఇంకా పొయ్యి దగ్గరికి రాలేదేమనీ అంటుంది. తల్లికుక్కకి రెండేళ్ళలో ఇది మూడో ఈత. దానికి నెలనెలా పిడుదుల మందు వేయించాలని డాక్టరు చెబితే, వచ్చే నెల చూద్దాంలే అంటూ అతను నాలుగు నెలలు దాటించాడు. తల్లి ఒంటి మీదున్నవి పిల్లల మీదికి ఎక్కక ఎక్కడికి పోతాయి? ఎటైనా వెళ్ళిపోవాలని గట్టిగా అనిపించిన రోజుల్లో కూడా వీటి పాలవేళకి ఎవరుంటారని ఆమె గుమ్మంలోనే ఆగిపోయేది. ఆ ఆగిపోవడాన్నే అతను, "మా ఆవిడకి ఇల్లే లోకం" అని మురిపెంగా చెప్పుకునేవాడు.

ఒళ్ళోని కూన పై పెదవి ఎత్తి చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. ఒళ్ళు కాలుతోంది. నిన్నటి నుంచి పాలు ముట్టలేదు.

"దీనికి పిడుదుల జ్వరంలా ఉందండీ. డాక్టరుకి చూపిద్దాం."

"ముందు ఇచ్చేద్దాం. తర్వాత వాళ్ళే చూపించుకుంటారు."

వచ్చినావిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఒంటరిగా ఉంటోంది. గంతులేస్తున్న మూడింటినీ చూసి నవ్వి, చివరికి నాలుగోదాన్నే ఎత్తుకుంది. "ఇది చూడండి, ఎంత బుద్ధిగా ఉందో."

ఆ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. పెళ్ళిచూపుల్లో తననీ అలాగే అన్నారు.

"రోజుకెన్నిసార్లు తింటుంది?" టీచరు అడిగింది. భర్త ఆమె వైపు చూశాడు. ఆమె చెప్పింది. కడుపులో నులిపురుగులకి మందు ఎప్పుడు వేశారు? మళ్ళీ ఆమె వైపే చూశాడు. రాత్రుళ్ళు ఏడుస్తుందా? అదీ ఆమే చెప్పింది.

"ఆరోగ్యం బాగుందా?"

ఈసారి అతను ఆమె వైపు చూడలేదు. "బ్రహ్మాండంగా ఉందండీ."

"లేదండీ," అంది ఆమె. దగ్గరికి వెళ్ళి, టీచరు చేతుల్లో ఉండగానే కూన పెదవి ఎత్తి చూపింది. "నెత్తురు తగ్గిపోతోంది. ఇవాళే మందు పడాలి."

టీచరు ఒక్క క్షణం భర్త ముఖంలోకి చూసి, కూనని ఆమెకే అందించింది. "తగ్గాక కబురు చెయ్యండి. మీరే చెయ్యండి," అని వెళ్ళిపోయింది.

గేటు పడగానే అతను తిరిగాడు. "నిన్నెవరడిగారు?"

"అన్నీ నాతోనే చెప్పించారుగా."

"మగాడు మాట్లాడుతుంటే మధ్యలో నోరేమిటి?" అంది లోపల్నించి అత్తగారు.

ఆమె కూనని తువ్వాల్లో చుట్టుకుంది.

"ఎక్కడికి? వంటో?"

"వచ్చాక చేస్తాను."

వచ్చి చేయాల్సిందే, ఆమెకి తెలుసు. ఆసుపత్రికి నడుస్తున్నంతసేపూ సాయంత్రం వినాల్సిన మాటలు ఒక్కొక్కటే చెవిలో మోగాయి.

డాక్టరు నెత్తురు తీసి చూశాడు. అనుకున్నదే. "సమయానికి తెచ్చారు. రెండ్రోజులు ఆలస్యమైతే దక్కేది కాదు. మిగతా వాటినీ తల్లినీ కూడా రేపు తీసుకురండి," అని మందులు రాశాడు.

ఆమె లేవలేదు.

"డాక్టరుగారూ, తల్లికి ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయొచ్చు?"

"పిల్లలు పాలు మానాక, దాని నెత్తురు పరీక్ష బాగుంటే. ఓ నెల పడుతుంది." అతను కలం ఆపి చూశాడు. "మీవారు ఒప్పుకుంటారా?"

"తేదీ రాసివ్వండి," అంది ఆమె. "దాన్ని పెంచుతున్నది నేను."