రాణి మెచ్చిన కోటు

మా రాణి గురించి బేగంపేటలో పెద్ద హోటల్లో సభ జరిగిందంటే మా గల్లీలో ఎవరూ నమ్మలేదు. రాణి మా బర్రె. సభలో దాని పేరెత్తలేదనుకోండి. మనలాంటి బీద దేశాల్లో పాలిచ్చే పశువును ఎట్లా ఉంచాలి, పాలు ఎట్లా పిండాలి, ఆ పాలు తాగినవాళ్లకు జబ్బు రాకుండా ఏం చేయాలి అని అలాంటి దేశాలన్నిటికీ ఒకే తీరు నియమాలు రాస్తున్నారట. అందుకోసం దొరలూ దొరసానులూ విమానాల్లో దిగి చల్లటి గదిలో కూర్చున్నారు. చివరికి వాళ్లలో ఒక దొరసాని, "ఇన్ని నియమాలు రాశాం, ఈ ఊళ్లో ఒక్క బర్రెనైనా చూశామా?" అని అడిగిందట.

ఆ ఒక్క మాట వచ్చి పద్మారావు నగర్‌లో మా ఇంటి వెనుక రేకుల కొట్టం మీద పడింది.

మా ఆయన తాపీ మేస్త్రి. పోయేముందు ఆ కొట్టంలో తన చేతులతో గచ్చు పోసి, నీళ్లు నిలవకుండా వాలు పెట్టి పోయాడు. పాల ప్రమాణాల విభాగంలో అధికారి అయిన రామ్మోహనరావు గారు ఆ గచ్చు చూసి మా కొట్టాన్ని ఎంచుకున్నారు.

"చూడమ్మా శ్యామలమ్మా," అన్నారాయన. "ఊళ్లో ఉన్న పశువుల కొట్టాలన్నీ శామీర్‌పేట అవతలికి పంపించేయాలని నిర్ణయం అయిపోయింది. దొరసాని మెచ్చుకుంటే మీకు 'ఆదర్శ పశుశాల' అని బోర్డు ఇస్తాం. బోర్డు ఉన్నవాళ్లను ఎవరూ కదిలించరు."

"మెచ్చకపోతే సారూ?"

"మొదటి లారీ మీ గుమ్మం ముందే ఆగుతుంది."

నాకు ఉన్నది ఒక్క బర్రె. అది ఇచ్చే పాలు ఈ గల్లీలోనే పోస్తాను. శామీర్‌పేట అవతల చెట్లకు పోయాలా, పుట్టలకు పోయాలా? రాణి పోతే నా పొయ్యి కూడా దాని వెంట లారీ ఎక్కాల్సిందే. అందుకని ఆయన ఏం చెబితే దానికల్లా తల ఊపాను.

ఆయన చెప్పినవి ఒకటా రెండా! సబ్బు పెట్టడానికి గూడు కావాలన్నారు. ఈగలు రాకుండా జాలీ కావాలన్నారు. గుమ్మానికి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ చూసి ఆగిపోయారు.

"ఇదేమిటి? పశుశాలలో ఆహార పదార్థాలు వేలాడకూడదు."

"అది దిష్టికి కట్టింది సార్," అన్నాడు జంగయ్య. జంగయ్య నా మరిది. పాలు పిండేది వాడే.

"దిష్టికి ప్రమాణం లేదు. తీసేయ్. నువ్వు తలకు టోపీ పెట్టుకోవాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి. మీసం కనబడకూడదు."

"మూతి మూసుకుంటే రాణితోని ఎట్ల ముచ్చట పెట్టాలె సార్? ముచ్చట పెట్టకుంటే అలుగుతది."

"అలగనీ. తుంపరలు పడకూడదు."

అంతా చూసుకుంటూ మూలకు వెళ్లి, అక్కడ గుంజకు కట్టి ఉన్న దూడ వీపు నిమిరారు. ముఖం వెలిగిపోయింది.

"దూడంటే ఇలా ఉండాలి. ఎంత బుద్ధిమంతురాలో! అరవదు, గెంతదు. మేత బాగా తింటోందా?"

జంగయ్య నా ముఖం చూశాడు. నేను గచ్చు వాలు చూశాను.

"మేత కడుపుల్నే ఉన్నది సార్," అని వాడు ఆ దూడను ఒంటిచేత్తో ఎత్తి చంకన పెట్టుకున్నాడు. దాని కాళ్లు నాలుగూ కర్రలు. పొట్ట కుట్టు ఊడి వరిగడ్డి రాలింది.

రామ్మోహనరావు గారు వేసిన కేకకు పక్కింటి గోడ మీద పిల్లి దూకి పారిపోయింది.

అది తోలుదూడ. రాణి ఈనిన దూడ వానల్లో జబ్బు చేసి చచ్చిపోయింది. ముందర దూడ లేనిదే రాణి చేపదు, పొదుగులోకి పాలు దిగవు. అందుకని జంగయ్య ఆ దూడ తోలునే ఎండబెట్టి, గడ్డి కూరి, కర్రకాళ్లు పెట్టి నిలబెట్టాడు. రాణి దాన్ని వాసన చూసి, తన బిడ్డే అనుకుని నాకుతూ ఉంటే పాలు వాటంతట అవే దిగుతాయి. మా తాతలనాటి నుంచీ ఇదే పద్ధతి.

"చచ్చిన జంతువు తోలు! పాలు పిండే చోట!" ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, ఆ రుమాలును ఏం చేయాలో తెలియక వేళ్ల కొసన పట్టుకున్నారు. "దొరసాని చూసిందంటే మీ కొట్టం కాదు, దేశం పరువే పోతుంది. ఇది ఇక్కడ ఉండడానికి వీల్లేదు."

"మరి పాలెట్ల దిగుతయి సారూ?" అన్నాను. "అందరి లెక్క పాలు దిగే సూది పొడిపియ్యాల్నా?"

"సూదా! అమ్మో! నిషేధాల్లో మొట్టమొదటిదే అది. ఆ పాలు తాగే పిల్లల గతేమిటి?"

"తోలుదూడ వద్దు, సూది వద్దు. ఇగ పాలు వద్దంటే సక్కగుంటది గద సార్," అన్నాడు జంగయ్య.

పాట పెడితే పశువులు చేపుతాయని ఏదో దేశంలో తేలిందని, ఆయన మర్నాడు టేప్ రికార్డర్ పంపించారు. సన్నాయి పెట్టాం. రాణి శ్రద్ధగా విని, జంగయ్య కాళ్ల మీద పేడ వేసింది.

ఈ సంగతి చెప్పుకుందామని ఆయన ఆఫీసుకు వెళ్లాను. గదిలో కుర్చీ ఉంది, కుర్చీకి నీలం కోటు తగిలించి ఉంది. మనిషి లేడు.

"సార్ లేరా?" అని బంట్రోతును అడిగాను.

"కోటు కనబడతలేదా అమ్మా? ఉన్నరు. కూసో."

ఆ కోటు ముందర సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి వచ్చాను. పక్కింటి మేబెల్ టీచరమ్మకు చెబితే నవ్వి, "శ్యామలక్కా, ఆ కోటు ఆయన పెళ్లినాటిదంట. పెళ్లిరోజు తర్వాత అది ఒంటి మీద కంటే కుర్చీ మీదే ఎక్కువ ఉందంట," అంది. ఆవిడ పనిచేసే బడిలో రామ్మోహనరావు గారి మేనకోడలు కూడా పాఠాలు చెబుతుంది. దొరసాని మాటలు మాకూ, మా మాటలు దొరసానికీ చెప్పడానికి మేబెల్‌నే ఒప్పించాం. చర్చిలో పాట ఎత్తుకుంటే ఆవిడ గొంతు వీధి చివరి దాకా వినబడుతుంది. అబద్ధం చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. నాకు ఉన్న భయమంతా అదే.

దొరసాని వచ్చే రోజు రానే వచ్చింది. రాణికి తలంటి పోశాం. జంగయ్య టోపీ పెట్టుకుని, మూతిగుడ్డ కట్టుకుంటే కళ్లు మాత్రమే మిగిలాయి. రాణి వాడిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఇక ఇది చేపేది కల్ల అని తెలిసిపోయి, దాచిపెట్టిన తోలుదూడను తెచ్చి దాని ముందు పెట్టాం. దొరసాని వచ్చేలోగా సగం పాలైనా పిండి చూపిద్దామని నా ఆశ.

అప్పుడే రామ్మోహనరావు గారు వచ్చారు. నీలం కోటు తొడుక్కుని వచ్చారు. పొట్ట దగ్గర గుండీ పట్టక, గుండీకీ కన్నానికీ నడుమ దారం ముడి వేసి ఉంది. తోలుదూడను చూడగానే ఆయన రంగు మారిపోయింది. అదే సమయంలో గల్లీ మొదట్లో కార్లు హారన్ కొట్టాయి.

"తీయండి! తీయండి దాన్ని!"

తీసే వ్యవధి మాకు ఇవ్వలేదు. ఆయనే ఒక్క ఉరుకున వచ్చి తోలుదూడను రెండు చేతులతో రొమ్ముకు కరుచుకుని వెనక గోడ దగ్గరికి పరుగెత్తారు. కర్రకాలు ఒకటి ఆయన చంకలో ఇరుక్కుంది. గోడ అందక, దాన్ని నెత్తిన పెట్టుకుని, భుజాన వేసుకుని, మళ్లీ కౌగిలించుకుని, చివరికి అవతలికి విసిరేశారు. అవతల మా గల్లీ కుక్కలన్నీ ఉంటాయి. అవన్నీ ఒక్కసారే ఎగబడిన అరుపులు వినబడ్డాయి.

దొరసాని లోపలికి వచ్చింది. పొడుగాటి మనిషి, ఎండకు కందిన ముక్కు. గచ్చు చూసి బాగుందంది. సబ్బుగూడు చూసి బాగుందంది. పాలు పిండమంది.

జంగయ్య కూర్చున్నాడు. లాగాడు. చుక్క రాలేదు. మళ్లీ లాగాడు. రాణి తల తిప్పి, 'ఎవరు నువ్వు?' అన్నట్టు చూసింది. దొరసాని గడియారం చూసుకుంది. నా కళ్ల ముందు లారీ కదిలింది.

ఆ నిశ్శబ్దం భరించలేక రామ్మోహనరావు గారు రాణి ముందు నిలబడి ఉపన్యాసం అందుకున్నారు. ప్రమాణాలు అన్నారు, వినియోగదారుడు అన్నారు, వర్ధమాన దేశాలు అన్నారు. చెయ్యి ఊపినప్పుడల్లా కోటు విచ్చుకుంటోంది.

రాణి ముక్కుపుటాలు అదిరాయి. మెడ చాచింది. కోటు మీద మూతి పెట్టి ఒక్క పీల్పు పీల్చింది. ఆ తరువాత, దూడ చచ్చిన రోజు నుంచీ మేము వినని గొంతుతో సన్నగా మూలిగి, ఆయన పొట్ట నుంచి మెడ దాకా ఒక్క నాకు నాకింది.

దారం ముడి తెగిపోయింది.

"వదినె!" జంగయ్య మూతిగుడ్డ లోంచే అరిచాడు. "చేపింది! చేపింది! సార్, కదలకుండ్రి! మీ కాళ్లు మొక్కుత, జెర గట్లనే ఉండుండ్రి!"

చెంబులో పాలు జుయ్యిమన్నాయి. రామ్మోహనరావు గారు వెనక్కి జరిగితే జుయ్యిమనడం ఆగింది. ముందుకు వస్తే మళ్లీ మొదలైంది. పాపం ఆయన నిలబడిపోయారు. బర్రె నాలుక అంటే ఆకురాయి. రాణి ఆయన్ను భుజాలు నాకింది, చెవులు నాకింది, కళ్లజోడు నాకి నుదుటి మీదికి ఎక్కించింది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని ఉపన్యాసం ఆపలేదు. ఆపితే ఏడుపు వస్తుందని భయమేమో.

దొరసాని నోరు తెరుచుకుని చూస్తూ మేబెల్‌ను ఏదో అడిగింది. మేబెల్ నా వైపు తిరిగింది.

"ఇది ఇక్కడి పద్ధతా అని అడుగుతోంది అక్కా. ఏం చెప్పను?"

నేను పైకి చూసి దండం పెట్టుకున్నాను. మేబెల్ ఇంగ్లీషులో నింపాదిగా జవాబు చెప్పింది. దొరసాని ముఖం కరిగిపోయింది. కళ్లు తుడుచుకుంది కూడా.

"ఏం చెప్పినవ్ టీచరమ్మా?"

"నిజమే చెప్పాను. ఈ బర్రె బిడ్డను పోగొట్టుకుంది, తనకు బిడ్డలా అనిపించినవాళ్లు ఎదురుగా ఉంటేనే సూది లేకుండా పాలిస్తుంది అన్నాను. ఇందులో అబద్ధం ఏముంది?"

దొరసాని చప్పట్లు కొట్టి, రామ్మోహనరావు గారి చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ చెయ్యి జిగటగా ఉందని చూసుకుని కూడా వదల్లేదు. ఇన్ని దేశాలు తిరిగినా పశువు మనసు కోసం ఇట్లా నిలబడిన అధికారిని చూడలేదందట. బోర్డు మాకే అంది. పాలు పిండే వేళల్లో ఇదే పర్యవేక్షణ ఇకముందు కూడా ఉండాలని ఒక షరతు పెట్టి వెళ్లిపోయింది.

కార్లు పోయాక రామ్మోహనరావు గారు కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"సారూ, బోర్డొచ్చింది, సంతోషం. మా తోలుదూడను కుక్కలకేసినరు. పొద్దుమీకి రాణి ఎవరిని చూసి చేపాలె?"

"నన్నేం చేయమంటావమ్మా?"

"దినాం పొద్దుగాల, పొద్దుమీకి జెర వచ్చిపోతరా?"

ఆయన రాణిని చూశారు. రాణి ఆయన్ను ప్రేమగా చూసింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"లేకుంటే కోటు ఇడిసి పోండ్రి," అన్నాడు జంగయ్య.

"కోటా! ఇది మా పెళ్లినాటిది! మా ఆవిడకేం చెప్పను?"

"ఆడబిడ్డకు సారె పెట్టిన అని చెప్పుండ్రి."

"అది కాదయ్యా," ఆయన గొంతు తగ్గించారు. "ఇది మీకిచ్చేస్తే ఆఫీసులో నా కుర్చీలో ఏముంటుంది?"

"మీరుండుండ్రి సారూ," అన్నాను.

ఆయన ఒక్కొక్క చెయ్యీ ఊడదీసి, కోటు జంగయ్యకిచ్చి, జీపు ఎక్కి వెళ్లిపోయారు.

కోటును తోలుదూడ ఉండే గుంజకే తగిలించాం. రాణికి ఏ లోటూ లేదు. అటు ఆఫీసులో కూడా పనులు కదులుతున్నాయని, ఎప్పుడు వెళ్లినా రామ్మోహనరావు గారు కుర్చీలో మనిషిగానే దొరుకుతున్నారని గల్లీలో చెప్పుకున్నారు.

చలికాలంలో కొత్త అధికారి ఒకాయన షరతు అమలవుతోందా అని చూడడానికి వచ్చాడు. పాలు పిండే వేళ. చుట్టూ కలియజూసి గట్టిగా అడిగాడు.

"పర్యవేక్షణ అధికారి ఏరీ? రామ్మోహనరావు గారు రాలేదా?"

జంగయ్య చెంబు మీది నుంచి తల ఎత్తలేదు. వాడు అనబోయే మాట నేనే అన్నాను.

"కోటు కనబడతలేదా సారూ?"

ఆయన గుంజ వైపు చూశాడు. నీలం కోటును చూశాడు. ఎన్నాళ్ల నుంచి ఆఫీసుల్లో పని చేస్తున్నాడో ఏమో, ఒక్క మాట కూడా మళ్లీ అడగలేదు. "ఓహో, ఉన్నారన్నమాట" అని రాసుకుని, కోటుకు అలవాటు చొప్పున ఒక నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

రాణి ఆ కోటు చెయ్యి నాకుతూనే ఉంది.