ఇంటిదాకా దిగబెట్టే చీమలు

సాయంత్రం షిఫ్టు వదిలితే బిస్కెట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకటే సందడి. ఖాళీ డబ్బాల చప్పుళ్ళు, సైకిల్ బెల్లులు, రేపు ఎవరి పని ఎవరు ఎగ్గొడతారో అన్న పందాలు. జనం నెత్తి మీది జాలీ టోపీలు తీసి జేబుల్లో కుక్కుకుంటూ రోడ్డెక్కుతారు. అప్పుడు వాచ్‌మన్ స్టూలు కింద నుంచి చీమలు బయల్దేరతాయి. ఎవరి చీమలు వాళ్ళవి. ఎవరి వెనక వాళ్ళ బారు. పొద్దంతా పిండిలో, పంచదారలో మసిలిన మనుషుల్ని ఇంటి గడపదాకా దిగబెట్టి, తమ దారిన తాము వెళ్ళిపోతాయి. గేటు లోపలికి మాత్రం ఒక్కటీ అడుగు పెట్టదు. వాటి మర్యాద వాటిది.

సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు కూడా చీమలకి అందేలా నెమ్మదిగా తొక్కాలి. ఆ మధ్య కొత్తగా పెళ్ళయిన ఓవెన్ కుర్రాడు తొందర కొద్దీ గాలిలా తొక్కుకుంటూ పోయాడు. వాడి చీమలు చీకటి పడ్డాక ఎప్పటికో చేరి, తలుపు సందులో అలిగి కూర్చున్నాయట. కొత్త పెళ్ళికూతురు బతిమాలితే గాని కదల్లేదని చెప్పుకుని ఊరు ఊరంతా నవ్వింది.

క్రీము బిస్కెట్ల సెక్షన్లో పనిచేసే ఆవిడని అందరూ క్రీమత్త అంటారు. బెల్టు మీద బారులు తీరి వచ్చే బిస్కెట్లలో విరిగినవి ఏరి పక్కన పడేసి, మంచివాటిని ట్రేల్లో పేర్చడం ఆవిడ పని. చేతులెంత చురుకో నోరూ అంతే. సూపర్‌వైజర్‌కి సైతం ఆవిడ దగ్గర నిలబడాలంటే కాస్త జంకు.

ఇంటికి చేరి చెప్పులు విడవగానే క్రీమత్త చీమలు గడప పక్కన వరసగా నిలబడి ఆవిడ వైపు తిరిగేవి. చెప్పుల వంక చూసేవి కూడా కాదు. ఆవిడ కాళ్ళు కడుక్కుని, సంచిలోంచి విరిగిన బిస్కెట్ల పొడి తీసి విదిలిస్తే, తలో నలుసు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయేవి.

"చూడవయ్యా, నువ్వు నా కోసం ఒక్కనాడైనా ఇలా గుమ్మంలో నిలబడ్డావా?" అని మొగుణ్ణి దెప్పేది. ఆయనకి వీధి చివర సైకిల్ రిపేరు షాపు.

"నాకూ కాస్త పొడి వెయ్యి, నిలబడతాను" అనేవాడాయన.

ఈ చీమలకి ఇంకో గుణం ఉంది. మనిషికి జ్వరం రాబోతుంటే ముందు రోజే తెలిసిపోతుంది వాటికి. ఆ మనిషి వెంట రావు. స్టూలు కిందే ఉండిపోతాయి. "అయ్యో, నీ చీమలు రాలేదురా, రేపు పడుకో" అని వాచ్‌మనే చెప్పి పంపేవాడు. వాళ్ళూ పడుకునేవాళ్ళు. మామూలు రోజుల్లో అదేమంత విశేషం కాదు.

అలాంటి రోజుల్లోనే క్రీమత్తకి మనవరాలు పుట్టింది. కూతురి అత్తగారిల్లు అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల. పుట్టిందన్న కబురు వినగానే క్రీమత్త బెల్టు దగ్గరే చిందులేసింది. ఆ పూట విరిగిన బిస్కెట్లు కూడా మంచివాటితో కలిసి ట్రేల్లోకి ఎక్కేశాయి. అడిగినవాళ్ళతో "ఇవాళ నా కంటికి అన్నీ మంచివే" అంది.

కాని పాపని ఎత్తుకునే యోగం మాత్రం పట్టలేదు. సరిగ్గా అప్పుడే పక్క ఊళ్ళో మాంసం డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో వైరస్ జ్వరం పుట్టి, పనివాళ్ళు వరసగా మంచాన పడ్డారని టీవీలో చెప్పారు. గాలి చొరని హాళ్ళలో పక్కపక్కనే నిలబడి పనిచేసే తిండి ఫ్యాక్టరీలన్నిట్లో జాగ్రత్తగా ఉండాలన్నారు. చెప్పింది అంతే. జనానికి మాత్రం అది చాలు. బిస్కెట్‌ని టీలో ముంచే ఊరు కాస్తా బిస్కెట్ ప్యాకెట్‌ని సబ్బునీళ్ళలో ముంచడం మొదలుపెట్టింది. ప్యాకెట్లు తీగల మీద బట్టల్లా ఆరాయి. కొన్నాళ్ళకి కొనడమే మానేశారు. ఫ్యాక్టరీ మనుషులు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాళ్ళు. దుకాణాల్లో ముందు వాళ్ళ వెనక్కి తొంగి చూసి, చీమల బారు కనిపిస్తేనే లోపలికి రానిచ్చేవాళ్ళు.

క్రీమత్త వియ్యపురాలికి కుట్టుమిషన్ షాపుంది. కొలత తప్పని మనిషి. మాటా అంతే.

"వదినగారూ, మీ మీద నాకేం కోపం లేదు" అంది ఫోన్లో. "మీ వెనక చీమలుంటే చాలు, నేనే గుమ్మంలోకి ఎదురొచ్చి పాపని మీ చేతుల్లో పెడతాను. లేకపోతే మటుకు రాకండి. పసిగుడ్డు కదా."

"అదెంత భాగ్యం వదినగారూ, రేపే వస్తాను" అంది క్రీమత్త.

ఆ రేపటి నుంచే వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, రోడ్డుకీ కాలవకీ తేడా తెలియని వాన. చీమలు స్టూలు కింద మట్టిలోకి దిగిపోయి, పైకి మూతి కూడా చూపించలేదు. ఇప్పుడు జ్వరం వచ్చేవాడి వెనకా లేవు, రానివాడి వెనకా లేవు. ఊరు మాత్రం వెనక్కి తొంగి చూడటం మానలేదు. పాలవాడు పాలు పోయనన్నాడు, మంగలి కత్తెర దాచేశాడు.

ఈ చిక్కు విప్పే ఉపాయం క్రీము సెక్షన్లోనే పుట్టింది. ఎవరికి ముందు తట్టిందో తెలీదుగాని, చెప్పు మడమ కింద కాస్త పంచదార పాకం పూసుకుంటే ఎంత వానకైనా చీమ బయటికి రాకేం చేస్తుంది? వాన తెరిపిచ్చినప్పుడు చూసుకుని, పాకం పూసిన చెప్పులేసుకుని, ఒక్కొక్కరూ దొరల్లా దుకాణాల్లోకి నడిచారు. వెనకాల దివ్యంగా చీమల బారు. పాలవాడు చెంబు నిండా పోశాడు.

దాంతో ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఇదివరకైతే చీమలు రానివాడు మంచమెక్కేవాడు. ఇప్పుడు అందరి వెనకా చీమలే. ఒళ్ళు వెచ్చగా ఉన్నవాడు కూడా, సెలవు పెడితే జీతం పోతుందని, మడమకి పాకం రాసుకుని బెల్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. దగ్గు వస్తే మిషన్ చప్పుడులో కలిసిపోయేది.

క్రీమత్త మొదట్లో ఒప్పుకోలేదు. "చీమల్ని మోసం చేసి ఏం బాగుపడతామే" అని పక్కావిడని తిట్టింది కూడా. కాని కూతురు ఫోన్లో పాప ఆవులింత వినిపించిన రోజున మనసు ఆగలేదు.

"ఏమయ్యా, కాస్త పాకం పట్టి పెట్టు" అంది మొగుడితో.

"నిన్నటిదాకా వద్దన్నావుగా?"

"నిన్న దాని ఆవులింత వినలేదుగా."

ఆయన పొయ్యి వెలిగించాడు. ఆయనకీ పాపని చూడాలనే ఉంది. ముందు ఆవిడ వెళ్ళొస్తే తన వంతు వస్తుందని ఆశ.

మర్నాడు మధ్యాహ్నం వాన కాస్త ఆగింది. క్రీమత్త శుభ్రమైన బట్టలు కట్టుకుని, ముక్కూ నోరూ గుడ్డతో మూసుకుని, పాకం చెప్పులతో ఫ్యాక్టరీ గేటు మీదుగా బయల్దేరింది. వెనక నల్లగా, నిండుగా చీమల బారు. దారిలో ఎవరూ పక్క సందులోకి తప్పుకోలేదు. ఒకరిద్దరు పలకరించారు కూడా. ఎన్నాళ్ళకో మనిషిగా నడుస్తున్నట్టనిపించి ఆవిడకి కడుపు నిండిపోయింది.

వియ్యపురాలు అన్నమాట ప్రకారం గుమ్మంలోనే ఉంది. చేతుల్లో తెల్లటి మెత్తటి మూట. ఆవిడ వెనక క్రీమత్త కూతురు, మొహం నిండా నవ్వు.

"రండి వదినగారూ. మీకోసం పొద్దున్నించీ నిద్రపోకుండా కాచుకుంది మీ మనవరాలు."

క్రీమత్త మెట్టు మీద చెప్పులు విడిచింది. పక్కనున్న కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. గడప దగ్గరికి వచ్చి చేతులు చాచింది. చాచి, అలవాటు కొద్దీ ఒక్కసారి వెనక్కి చూసింది, పొడి కోసం నిలబడి ఉంటాయి కదా అని.

గడప పక్కన ఒక్క చీమా లేదు. అన్నీ చెప్పుల మీదే ముసురుకుని ఉన్నాయి. తనవైపు ఒక్కటంటే ఒక్కటీ తిరగలేదు.

ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంది. ఒంట్లో నలత లేదు, దగ్గు లేదు. అయినా విరిగిన బిస్కెట్‌ని చూసీ చూడనట్టు వదిలే చెయ్యి కాదది. పాప మూట వేళ్ళకి తగలబోతుండగా చేతులు వెనక్కి లాక్కుని, గబగబా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి నిలబడింది.

"వద్దు వదినగారూ. చీమలు నా కోసం రాలేదు. చెప్పులకి పాకం రాసుకొచ్చాను. తలుపేసుకోండి."

ఆ మాట చెప్పడానికి ఆవిడ పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. వియ్యపురాలు పాపని గుండెకి అదుముకుని, తడిసిన వీధిలో వట్టి కాళ్ళతో నిలబడ్డ ఆ మనిషి వంక చూస్తూ ఉండిపోయింది. కూతురు ఏడుస్తూ "అమ్మా" అంది. క్రీమత్త వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతానని భయం.

నడుస్తూనే వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. "రేపు గేటు దగ్గర అందరి చేతా చెప్పులు విప్పించు. చీమలు కాళ్ళ వైపు తిరిగితే లోపలికి పంపు. చెప్పుల మీదే ఉండిపోతే ఇంటికి పంపు."

"నన్ను తంతారత్తా" అన్నాడు వాచ్‌మన్.

"చెప్పులు విప్పాక దేంతో తంతార్రా?"

ఇంటి దగ్గర మొగుడు ఎదురొచ్చాడు. "చెప్పులేవే?"

"మనవరాలికి కానుకగా ఇచ్చొచ్చా. దగ్గరికి రాకు. షాపులో పడుకో" అని తలుపేసుకుని, అప్పుడు తనివితీరా ఏడ్చింది.

తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది.

గేటు దగ్గర చెప్పుల పరీక్ష మాత్రం తిరునాళ్ళలా జరిగిందట. క్రీము సెక్షన్లో సగం మంది చీమలు చెప్పుల్నే పట్టుకుని వేలాడాయి. సూపర్‌వైజర్ విప్పనంటే విప్పనని మొండికేశాడు. బలవంతాన విప్పిస్తే ఆయన బూట్లకి పాకంతో పాటు క్రీము కూడా ఉంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మేనేజరు గోడౌన్లో గుట్టలుగా పడి ఉన్న డబ్బాల వంక చూసి, చీమలు వదిలేసిన వాళ్ళకి జీతంతోనే సెలవన్నాడు. ఆ మాటతో పాకం గిన్నెలన్నీ కడిగి బోర్లించారు. జ్వరం ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి దాటలేదు. ఊళ్ళో సబ్బునీళ్ళ బకెట్లు మెల్లిగా మళ్ళీ బట్టలకి దక్కాయి.

క్రీమత్త చాలా రోజులు మంచం దిగలేదు. మొగుడు కిటికీ చువ్వల్లోంచి గంజి గిన్నె అందించి, దూరంగా స్టూలేసుకుని కూర్చునేవాడు.

"నన్ను గుమ్మంలో నిలబడవన్నావుగా, చూడు, కిటికీ దగ్గర ఎలా నిలబడ్డానో."

"కూర్చునేగా ఉన్నావు."

"జ్వరంలో కూడా నీ కళ్ళకి తప్పులే కనిపిస్తాయే."

నవ్వితే దగ్గొచ్చేది. దగ్గు తగ్గాక పాప గుర్తొచ్చేది. అంత దగ్గరికి వెళ్ళి తాకకుండా వచ్చేశానే అని ఒకసారీ, తాకి ఉంటే ఏమయ్యేదో అని ఒకసారీ అనుకునేది. జ్వరం పోయింది. ఆస్పత్రి వాళ్ళు ముక్కులో పుల్ల పెట్టి చూసి, ఇక భయం లేదన్నారు. అయినా వియ్యపురాలికి ఫోన్ చేసే మొహం లేదావిడకి. ఏ మొహంతో అడుగుతుంది? పాకం పూసుకు వెళ్ళిన మనిషి మాట ఎవరు నమ్ముతారు?

ఆ మర్నాడు పొద్దున్న ఎండ కాసింది. మొగుడు గుమ్మంలో సైకిల్ తుడుస్తూ ఉన్నట్టుండి గుడ్డ కింద పడేశాడు.

"ఒసేయ్, ఇలా రా. నీ చీమలు."

వీధి మలుపు దగ్గర సన్నటి నల్లటి బారు. ప్రతి చీమ నెత్తినా ఒక బిస్కెట్ నలుసు. బారు వెనకాల, ఒక్కదాన్నీ తొక్కకుండా అడుగులో అడుగేసుకుంటూ వియ్యపురాలు. ఒక చేతిలో పాప, రెండో చేతి వేళ్ళకి తగిలించుకున్న పాత చెప్పుల జత. పక్కన క్రీమత్త కూతురు, తల్లిని చూడగానే నవ్వూ ఏడుపూ కలిపేసింది.

"ఏం చెయ్యమంటారు వదినగారూ" అంది వియ్యపురాలు గుమ్మం ముందు ఆగి, ఆయాసపడుతూ. "మీ చెప్పులు మా మెట్టు మీదే ఉండిపోయాయి. వాటితోపాటు ఇవీ ఉండిపోయాయి. వానకి పాకం ఎప్పుడో కొట్టుకుపోయింది. అయినా కదల్లేదు. ఆకలితో చస్తాయని రోజూ ప్యాకెట్ కొని పొడి వేశాను. కడక్కుండానే వేశాను, తెలుసా? ఇవాళ పొద్దున్నే వేసింది తినకుండా నెత్తిన పెట్టుకుని బయల్దేరాయి. ఎక్కడికెళ్తున్నాయో తెలీదా నాకు? మిషన్ ఆపేసి పాపనెత్తుకుని వెనకాలే వచ్చేశాను."

క్రీమత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని గడప దాకా వచ్చింది.

"పాకం రాసుకొచ్చానని మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అంది వియ్యపురాలు, ఈసారి మెల్లిగా. "చెప్పారు చూడండి, దాని కోసం వచ్చాను. పట్టండి, నా చేతులు లాగేస్తున్నాయి."

చీమలు గడప పక్కన వరసగా నిలబడి క్రీమత్త వైపు తిరిగాయి. వియ్యపురాలు చెప్పులు కింద పెట్టి, మూటని ఆవిడ చేతుల్లో పెట్టింది. పాప కళ్ళు విప్పి, అమ్మమ్మ మొహాన్ని కాసేపు పరీక్షగా చూసి, పెద్దగా ఆవులించింది. ఫోన్లో విన్న ఆవులింతే. ఎదురుగా చూస్తే ఎంతో బావుంది. క్రీమత్త కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు.

ఒక చీమ మటుకు వరస తప్పించి, ఆవిడ చెయ్యి మీదుగా పైకెక్కి, పాప అరికాలి దాకా వచ్చింది. తెచ్చిన నలుసు అక్కడ పెట్టి, దిగి, మళ్ళీ వరసలో కలిసింది.

మొగుడు ఇంక ఆగలేకపోయాడు. గ్రీజు చేతులు ప్యాంటుకి రుద్దుకుంటూ ముందుకొచ్చాడు. "నాకూ ఒక్కసారి ఇవ్వవే."

వియ్యపురాళ్ళిద్దరూ ఒక్కసారే అడ్డం వచ్చారు, క్రీమత్త నోరే ముందు లేచింది.

"ముందు సబ్బుతో కడుక్కురా."