మూడో గది బూడిద

సుత్తి మామయ్య మూడో గది గరాటు కింద బకెట్టు పెట్టి, మూత లాగి, ఇనుప గోడ మీద పిడికిలితో రెండు దెబ్బలు వేశాడు. ఏమీ రాలలేదు. ఇంకో రెండు వేశాడు. చెంచాడు బూడిద జారి బకెట్టు అడుగున పడింది.

"ఇదిగో, ఇంతే," అన్నాడు పక్కనున్న వెల్డరుతో. "రోజుకి ఎనిమిది బకెట్లు రావాలి. ఏడాదిగా తగ్గుతూ వచ్చి, పన్నెండు రోజుల్నించీ ఇదే వరస. మిగతాదంతా ఎక్కడికి పోతోందంటావ్?"

వెల్డరు మాటల మనిషి కాడు. బకెట్టులోకి చూసి, తలెత్తి పొగగొట్టం వైపు చూశాడు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో మామయ్య పని పొగను కడగడం. నీళ్ళతో కాదు, కరెంటుతో. బట్టీ నుంచి వచ్చే పొగ మూడు ఇనుప గదులు దాటి పొగగొట్టం చేరుతుంది. ఒక్కో గదిలో రెండంతస్తుల ఎత్తు రేకులు వరసగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య వేల వోల్టుల కరెంటుతో తీగలు వేలాడుతుంటాయి. ఆ కరెంటు సోకిన ధూళి, తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెనకు కాగితం ముక్కలు అతుక్కున్నట్టు, రేకులకు అతుక్కుంటుంది. ఉండుండి సుత్తులు రేకుల్ని కొడితే గరాటుల్లోకి రాలుతుంది. ఈ దువ్వెన కథ ఆయన చెప్పని మనిషి ఫ్యాక్టరీలో లేడు. సుత్తులు చూసుకుంటాడు కాబట్టి కొంత, దొరికినవాణ్ణి వదలకుండా వాయిస్తాడు కాబట్టి కొంత, అందరూ ఆయన్ని సుత్తి మామయ్య అంటారు. ఆ పేరంటే ఆయనకేమీ కోపం లేదు.

పొట్టి మనిషి. నిచ్చెనలు మోసిన ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. కనుబొమల్లో వయసెంతో బూడిదెంతో చెప్పడం కష్టం. రిటైర్మెంటుకు ఇంకా అయిదు నెలలుంది.

మొదటి గది ముతక ధూళిని పడుతుంది, రెండోది నలుసుల్ని. కంటికి ఆననంత సన్నటి పొడిని పట్టేది మూడోదే. అది పడకేసినా పొగగొట్టం శుభ్రంగానే కనిపిస్తుంది. మేనేజరు ధీమా అంతా అక్కడే ఉంది. మూడో గది బాగు చేయిద్దామని అడిగినప్పుడల్లా, "పొగ కనిపిస్తోందా? లేదుగా," అనేవాడు.

ఆయన ఇల్లు ఫ్యాక్టరీ ప్రహరీ వెనకే. నీళ్ళ బిందెతో రెండంతస్తులు గబగబా ఎక్కే భార్య, ఏడాదిగా ఆరు మెట్లకొకసారి ఆగుతోంది. ముక్కూ గొంతూ ఆపలేనంత సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టరు చెప్పాడు. మీ ఆయన ఏం చేస్తాడని అడిగితే, "దుమ్ము పట్టుకుంటారండీ," అంది ఆవిడ గర్వంగా. పక్కనే నిలబడిన ఆయనకు ఆ పూట తలెత్తుకోబుద్ధి కాలేదు.

నిన్న మధ్యాహ్నం సరుకు మోసే బెల్టు తెగి ఫ్యాక్టరీ ఆగింది. ఇంటికి పోయే ముందు ఆయన పొగను లాగే పెద్ద ఫ్యానును కావాలనే తిరగనిచ్చాడు. పొద్దుటికి గదులు మనిషి దిగగలిగేంత చల్లబడ్డాయి. బెల్టు అతికించగానే పదకొండింటికి మళ్ళీ బట్టీ వెలిగించాలని మేనేజరు హుకుం. మూడో గది ఊసే లేదు.

తొమ్మిదింటికి ఆయన ఫ్యాను ఆపి, స్విచ్చి కొండీకి తన తాళం వేశాడు.

అది అక్కడి నియమం. లోపలికి దిగే ప్రతివాడూ ఆ స్విచ్చికి తన సొంత తాళం వెయ్యాలి, తాళంచెవి జేబులో ఉంచుకోవాలి. పని అయ్యాక వేసినవాడే తియ్యాలి. లోపల మనిషి ఉండగా స్విచ్చి నొక్కిన పాపం ఒకప్పుడు జరిగింది, అప్పట్నించి మేనేజరైనా సరే మరొకరి తాళం ముట్టడు. ఫ్యాను తిరక్కపోతే బట్టీ వెలగదు.

భూమికి కలిపిన రాగి కడ్డీతో తీగల్ని తాకి, మిగిలిన కరెంటు దింపేసి లోపలికి దిగాడు. వేడికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. టార్చి వెలుగులో ఆరు తీగలు తెగి రేకుల మీద వాలి ఉన్నాయి. ఒక్కొక్కటే కోసి కింద పడేస్తుంటే, తలుపు దగ్గర మేనేజరు గొంతు వినిపించింది.

"ఏమండీ, బయటికి రండి. టైమవుతోంది."

ఆయన పాక్కుంటూ తలుపులోకి వచ్చాడు. "ఆరు తెగాయి సార్. కొత్తవి కట్టాలి. సాయంత్రానికి అయిపోతుంది."

"బెల్టు ఒక్కటే అన్నానా లేదా? అసలు పొగ ఎవరికి కనిపిస్తోంది?"

"కనిపించదు సార్. కనిపించేది ఎక్కడో ఓ చోట రాలిపోతుంది. కనిపించనిదే ఛాతీలోకి పోతుంది. దువ్వెన ఉందనుకోండి..."

"నాకు దువ్వెన కథ చెప్పకండి. తాళం తియ్యండి."

"పనయ్యాక తీస్తాను."

"అయిదు నెలల్లో రిటైరవుతున్నారు. ఇప్పుడెందుకు మీకీ మొండితనం?"

"ఇన్నాళ్ళూ లేకే ఇలా తగలడింది సార్."

చుట్టూ నలుగురు వింటున్నారు. మేనేజరు మొహం ఎర్రబడింది. "సరే, నువ్వు సస్పెండ్. పాస్ ఇచ్చేసి గేటు బయటికి నడు."

ఆయనకు భయం వేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. చేతులు దులుపుకుని, మెళ్ళో పాస్ తీసి మేనేజరు చేతిలో పెట్టి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

భార్య మెట్ల మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంటోంది. "ఈ వేళప్పుడొచ్చారేంటి?"

"పొమ్మన్నారు." పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ నిదానంగా విని, "మరి తాళంచెవి ఇచ్చొచ్చారా?" అంది.

"అడగలేదు."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గుతూనే చెయ్యి చాపి తాళంచెవి తీసుకుని, పిడికిట్లో బిగించింది. "ఎవరైనా అడగడానికొస్తే నేను మాట్లాడతా. మీరు లోపల పడుకోండి."

అక్కడ మేనేజరుకు తాళం గుర్తొచ్చేసరికి పావుగంట దాటింది. వెనక్కి పిలుద్దామంటే పాస్ లేనివాణ్ణి రానివ్వొద్దని గేటుకు తానే చెప్పి ఉన్నాడు. తాళం కోయిద్దామంటే, పని పూర్తయిందని భద్రత చూసే మేడం సంతకం పెట్టాలి. ఆవిడ టార్చి తీసుకుని లోపలికి తొంగిచూసి వచ్చింది.

"ఆరు తీగలు కింద పడున్నాయి సార్. పూర్తయిందని ఎలా రాయమంటారు?"

"నేను చూసుకుంటాను," అని మేనేజరు వెల్డరు వైపు తిరిగాడు. "కట్టరు పట్రా."

వెల్డరు వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు అతని భుజాన కొత్త తీగల చుట్ట, చేతిలో తన తాళం ఉన్నాయి. కొండీకి ఆ తాళం తగిలించి గదిలోకి దిగాడు. వెనకే ఫిట్టరు తన తాళం వేసి దిగాడు. తర్వాత ఎలక్ట్రీషియన్, అతని హెల్పరు. మధ్యాహ్నానికి కొండీకి అయిదు తాళాలు వేలాడుతున్నాయి, కోయాలంటే ఇప్పుడు అయిదూ కోయాలి. మేనేజరు ఆఫీసు గదిలోకి పోయి కూర్చున్నాడు.

అయిదింటికి ఆరు తీగలూ నిటారుగా నిలబడ్డాయి. మేడం చూసి, సంతకం పెడతానంది. కట్టరు మాత్రం ఎవరూ తేలేదు. లోపలికి దిగినవాళ్ళు ఎవరి తాళం వాళ్ళు తీసుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఫ్యాను దగ్గరే వరసగా నిలబడ్డారు. మేనేజరు ఆఫీసు గదిలోంచి వచ్చి, మామయ్య పాస్ పట్టుకుని ప్రహరీ వెనక వీధి వైపు తానే నడిచాడు.

కొండీకి ఒక్క తాళమే మిగిలింది. ఎర్ర రంగు రాలి, అంచుల్లో ఇత్తడి తేలింది. దానికి కట్టిన అట్టముక్క మీద, అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక నల్లజుట్టు కుర్రాడి ఫొటో, దాని కింద వంకర అక్షరాలతో ఆయన చేతిరాత: లోపల మనిషి ఉన్నాడు, ముట్టుకోవద్దు.