జడ్జి ఎత్తుకెళ్లిన పదహారు పేజీలు

జిగురు కుంచె చేతిలో ఉన్నప్పుడు మనిషికి మూడో చెయ్యి ఉండదు. ఈ సంగతి ఆ ఇంట్లో జడ్జికి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. బైండింగమ్మ ఎవరిదో పాత నిఘంటువు వెన్నుకు జిగురు రాయడం మొదలుపెట్టిందో లేదో, వాడు కిటికీలోంచి బల్ల మీదికి దూకాడు. కోసి పెట్టిన అట్టల మీద నడిచాడు. కొత్త క్యాలికో గుడ్డ చుట్టకు గోళ్లు పదును పెట్టుకున్నాడు. ఆపైన తీరిగ్గా వెళ్లి మైదా జిగురు గిన్నెలో మూతి పెట్టాడు.

"ఛీ, దిగు! నీ మొహం మండ! నీ అబ్బ సొమ్మనుకున్నావా?"

జడ్జి తలెత్తి చూశాడు. మీసాలకు జిగురు. తీర్పు చెప్పేశాక మళ్లీ వాదనలు వినడం ఇష్టం లేనివాడి చూపు అది. ఆ చూపు వల్లే అత్తగారు వాడికి ఆ పేరు పెట్టింది. ఒళ్లంతా తెలుపు, ఎడమ చెవి ఒక్కటీ నలుపు, ఐదు కిలోల బరువు. రెండోది చుక్క, బూడిదరంగు ఆడపిల్లి. తలుపు తీసేదాకా గొంతు చించుకుని అరుస్తుంది, తీశాక గడప మీద కూర్చుని వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. మనిషి శాపాలకు పిల్లి మీసం కూడా కదలదని బైండింగమ్మ ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది.

ఆమెకు నలభై ఏడేళ్లు. పొట్టి మనిషి. పుస్తకాలు అదిమే ప్రెస్సు చక్రం తిప్పి తిప్పి కుడిచెయ్యి ఎడమచేతి కంటే లావైంది. చూపుడువేలి కొస సూది పోట్లకు రాయిలా గట్టిపడింది. గోళ్ల కింద ఎండిన జిగురు ఎంత కడిగినా పోదు. కళ్లద్దాల కాడ విరిగితే బైండింగు దారంతోనే కట్టుకుని రెండేళ్లుగా నెట్టుకొస్తోంది. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. అప్పట్నుంచి ఆ రెండు గదుల్లో నాలుగు ప్రాణాలు: ఆమె, అత్తగారు, రెండు పిల్లులు. నలుగురిలో పని చేసేది తనొక్కతేనని రోజుకొకసారైనా అంటుంది.

ఆ మాటలో పూర్తి నిజం లేదు. అసలు ఆ కొట్టు అత్తగారిది. కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే సూదికి దారం ఎక్కించి చేతికిచ్చి, "కుట్టే ముందు లెక్క, కుట్టాక లెక్క. మధ్యలో ఎవరు పిలిచినా పలక్కు" అని పని నేర్పింది ఆవిడే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. కళ్లు మసక, వేళ్లు వణుకు. సూది పట్టలేదు గాని కత్తెర పట్టగలదు. కిటికీ పక్క పేముకుర్చీలో కూర్చుని మైనపు కాగితాలు కోస్తుంది. చిరిగిన పేజీకి తడి జిగురుతో అతుకు వేసి ప్రెస్సులో పెట్టేటప్పుడు, అది చెక్కపలకకు అంటుకోకుండా కింద ఒకటీ పైన ఒకటీ ఆ కాగితం వేయాలి. ఒళ్లో కాగితాల దొంతర, దొంతర మీద జడ్జి. కోడలికి కాగితం కావాలంటే ముందు జడ్జిగారిని లేపాలి, లేపితే అత్తగారికి మనసొప్పదు.

"ఇప్పుడే కునుకు పట్టిందే వాడికి."

"నాకు పట్టి ఎన్నాళ్లయిందో అడగరేం?"

ఇదీ రోజూ ఉండే భాగవతం.

నిఘంటువును పక్కన పెట్టి, బైండింగమ్మ ఆ రోజు అసలు పనికి దిగింది. బడి వాళ్ల పాత అడ్మిషన్ రిజిస్టరు అది. అరవై ఏళ్ల కిందటిది, కుట్లన్నీ తెగి కట్టకట్టుకుని వచ్చింది. పదహారు పేజీలకొక ఫారం చొప్పున విడదీసి, దుమ్ము దులిపి, నిన్న సాయంత్రం ప్రెస్సులో పెట్టింది. పొద్దున్నే పలకలు తీసి గోడకు ఆనించింది. ఇప్పుడు కుట్టాలి. సాయంత్రం అయిదింటికి బడి గుమస్తా వస్తాడు.

కుట్టే ముందు లెక్క. ఒకటి నుంచి పదహారు. పదిహేడు నుంచి ముప్పై రెండు. వేలు తడి చేసుకుంటూ మూలలు తిప్పింది. ఎనభై ఒకటి నుంచి తొంభై ఆరు. తర్వాత నూట పదమూడు.

మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ నూట పదమూడే.

పేజీకి పది మంది పిల్లలు. పదహారు పేజీలంటే నూట అరవై మంది పుట్టినరోజులు. వాళ్లిప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయ్యుంటారు. వయసు రుజువు కోసం బడికి వచ్చి, ఆ రిజిస్టరు తెరిపించి, తమ పేరు మీద వేలు పెట్టి చూపిస్తారు. అలాంటిది మరొకటి ఎక్కడా లేదు. "ఇది పోతే మా కొంప మునిగినట్టే, జాగ్రత్తమ్మా" అని గుమస్తా రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చి వెళ్లాడు. అత్తగారి కాలం నుంచి ఈ కొట్టులో ఒక్క కాగితం పోయిందన్న మాట లేదు.

ఆమె చూపు తిన్నగా కిటికీ వైపు వెళ్లింది. అక్కడ జడ్జి ఒళ్లు నాక్కుంటున్నాడు.

మొన్న ఆ ఫారం మీదే వాడు పడుకున్నాడు. లాగితే గోరు దిగి తొంభై ఏడో పేజీ మడత చిరిగింది. ఒకసారి దొంగతనం చేసినవాడి ఇంటికేగా పోలీసులు మళ్లీ వెళ్లేది!

"ఎక్కడ పెట్టావురా?"

జడ్జి కాలు మార్చి నాక్కున్నాడు.

వెతుకులాట మొదలైంది. బల్ల కింద, క్యాలికో చుట్టల వెనక, చెత్తబుట్టలో, పరుపు కింద. మంచం కింద చీపురు పెట్టి లాగితే పిల్లుల భోషాణం బయటపడింది: నాలుగు దారపు ఉండలు, జిగురు డబ్బా మూత, పోయిన నెల ఇల్లంతా తిరగేసినా దొరకని గడియారం తాళంచెవి, ఎండిపోయిన బల్లితోక, ఆమెదే ఒక మేజోడు. పదహారు పేజీలు తప్ప అన్నీ ఉన్నాయి. ఈలోగా చుక్క గడప మీద గొంతెత్తింది. తలుపు తీస్తే కదల్లేదు. వెనక్కి అడుగేసిన బైండింగమ్మ కాలికి మెత్తగా, తడిగా ఏదో తగిలింది. చెప్పులో వెంట్రుకల ఉండ కక్కి పెట్టారు ఎవరో.

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

"అయిపోయింది! ఇక ఈ ఇంట్లో అవైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

అత్తగారు కత్తెర ఆపింది. "ఏం పోయిందే?"

"ఫారం పోయింది. తొంభై ఏడు నుంచి నూట పన్నెండు. మీ జడ్జిగారు ఏ మూలకో ఈడ్చుకుపోయి చింపి పోగులు పెట్టుంటారు."

"వాడు చదువుకుంటాడా ఏంటే, పుట్టినతేదీలు?"

"నవ్వండి, బాగా నవ్వండి. అయిదింటికి ఆయనొస్తే మీరే నవ్వుతూ చెబుదురుగాని!"

అత్తగారు నవ్వడం మానేసింది. కాసేపు మసక కళ్లతో బల్ల వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది:

"చిరిగిన మడతకు నిన్న అతుకు వేశావుగా. మైనపు కాగితం వేశావా?"

"నాకు పని నేర్పకండి అత్తయ్యా! ఇరవై మూడేళ్లుగా చేస్తున్నాను. పిల్లుల్ని వెనకేసుకు రావడానికి నా పనికి వంక పెడతారా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం పాతకాలం. ఆ ఇంట్లో పిల్లి మీద కోపం అత్త మీదికీ, అత్త మీద కోపం పిల్లి మీదికీ రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ఈసారి మాత్రం తిరగలేదు. బైండింగమ్మ ఫోను తీసి చిన్నత్తగారి కొడుక్కి చేసింది. చిన్నత్తగారంటే అత్తగారి సొంత చెల్లెలు. వ్యానులో గంటన్నర దూరం. వాళ్ల ఇంటి పక్కనే ధాన్యం గోడౌను, ఇంటినిండా ఎలుకలు. ఆవిడ ఎప్పుడు ఫోను చేసినా ఒకటే పాట: "ఆ పిల్లుల్ని నాకిచ్చెయ్యండి, వాటితోపాటు మా అక్కనూ పంపండి."

"ఇవాళే వచ్చి తీసుకుపో. రెండింటినీ. ఆలోచించేది లేదు," అంది బైండింగమ్మ.

అత్తగారు మళ్లీ కత్తెర అందుకుంది. బతిమాలుతుందని, శాపనార్థాలు పెడుతుందని ఎదురుచూసిన కోడలికి ఆ కత్తెర చప్పుడుతో ఇంకా ఒళ్లు మండింది. మధ్యాహ్నం కంచం ముందు పెడితే ముసలామె సగం తిని, చేప ముక్కలు రెండు పక్కకు తీసి, రెండు పిల్లులకూ చెరొకటి పెట్టింది. ఎప్పటిలాగే చుక్క వాసన చూసి వదిలేసింది, జడ్జి ఆ ముక్క కూడా తిన్నాడు.

రెండున్నరకు ఆ మరిది వచ్చాడు. పెద్ద బుట్ట, మూతకు తాడు. చుక్క తనంతట తానే బుట్టలోకి దూకి కూర్చుంది; ఎవరూ ఎక్కమనలేదు కాబట్టి. జడ్జిని ఎక్కించడానికి పావుగంట పట్టింది. మరిది ముంజేతి మీద మూడు గీతలు పడ్డాయి.

"వదినా, ఇది పిల్లేనా?"

"తీసుకుపోవయ్యా, తీసుకుపో."

అత్తగారు కుర్చీలోంచి లేచింది. ఒళ్లోని కాగితాలు తీసి కుర్చీలో పెట్టింది. శాలువా కప్పుకుంది. వెనకగదిలోకి వెళ్లి చిన్న చేతిసంచితో వచ్చింది.

"నేనూ వెళ్తానే. కొత్తచోటు కదా, బెదురుతాయి."

దింపి వస్తుంది కాబోలు, రానీ. బైండింగమ్మ తల ఎత్తలేదు. సూదికి దారం ఎక్కిస్తూ, "మీ ఇష్టం," అంది. దారం రెండుసార్లు తప్పిపోయింది. వ్యాను తలుపు పడిన చప్పుడు, బుట్టలోంచి జడ్జి గావుకేక, తర్వాత వీధి మలుపులో హారను వినబడ్డాయి.

ఇల్లు నిశ్శబ్దమైంది. బల్ల మీద ఎవరూ నడవలేదు. జిగురు గిన్నెలో ఎవరూ మూతి పెట్టలేదు. ఇదే కదా ఇన్నాళ్లూ కోరుకున్నది అని ఆమె గట్టిగా, పైకే అనుకుంది. ఉన్న ఫారాలనైనా కుట్టి పెడదాం, గుమస్తా కాళ్లు పట్టుకుందాం అని నూట పదమూడు దాకా వచ్చి ఆగింది. ముందు నిఘంటువునైనా ప్రెస్సులో బిగిద్దామని లేచి, గోడకు ఆనించిన పలక తీసి ఇటు తిప్పింది.

పలకకు ఫారం అంటుకుని ఉంది.

తొంభై ఏడో పేజీ. వరసగా పది పేర్లు, పది పుట్టినరోజులు, నీలి సిరాలో. మడత దగ్గర ఆమె వేసిన అతుకు నుంచి జిగురు పక్కకు ఊరి, చెక్కను పట్టుకుని ఎండిపోయింది. పొద్దున పలక ఎత్తినప్పుడు దాంతోపాటే లేచివచ్చింది, గోడ వైపు మొహం పెట్టుకుని రోజంతా అక్కడే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఆమె మంచాల కింద వెతికింది.

మైనపు కాగితం వేయలేదు.

ఎందుకు వేయలేదో కూడా గుర్తుంది. నిన్న సాయంత్రం, చిరిగిన పేజీ మీద గొడవ పడి, "ఇక మీతో మాట్లాడితే ఒట్టు" అంది. కాగితాలు అత్తగారి ఒళ్లో ఉన్నాయి. కాగితం కావాలంటే నోరు తెరిచి అడగాలి. అడగలేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అని అలాగే పెట్టి చక్రం బిగించింది. బైండరన్నవాళ్లు చేయకూడని పని, మొదటి నెలలో నేర్చుకునేవాళ్లు చేసే తప్పు.

"సిగ్గు లేదటే నీకు?" అంది. ఆ గదిలో తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు.

తడిగుడ్డ వేసి, నానబెట్టి, పల్చటి బద్దతో వెంట్రుకవాసి చొప్పున ఫారాన్ని ఊడదీసింది. ఒక్క అక్షరం పోలేదు. మళ్లీ కుట్టింది. కుట్టాక లెక్కపెట్టింది, వెన్నుకు క్యాలికో వేసింది. గుమస్తా అయిదింటికి వచ్చి రిజిస్టరు తిప్పి చూసి, "అమ్మయ్య! కొత్తదానిలా చేశావమ్మా" అని, వెన్ను మీద క్యాలికో కింద ఇరుక్కున్న తెల్లవెంట్రుకను గోటితో గీకబోయి, రాక, వదిలేసి వెళ్లాడు. ఆ కొట్టులో బైండు చేసిన ప్రతి పుస్తకంలోనూ అలాంటిది ఒకటి ఉంటుంది.

ఆమె రెండు కప్పుల టీ పెట్టింది. చీకటి పడబోతుంటే వ్యాను వచ్చి ఆగింది. చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి పరిగెత్తింది. చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పెట్టుకుంది. ముందు కాస్త కోపంగా, "ఇంతసేపా?" అనాలి. ఆ తర్వాత మిగతావి.

మరిది ఒక్కడే దిగాడు. చేతిలో ఖాళీ బుట్ట.

"పెద్దమ్మ అక్కడే ఉంటానంది వదినా. మందులూ, రెండు చీరలూ ఇమ్మంది."

"ఎన్నాళ్లు?"

అతను బుట్ట మూత తాడు విప్పుతూ చుడుతూ నిలబడ్డాడు. "ఎన్నాళ్లని కాదు. పెట్టె కూడా సర్దేయమంది. 'దానికి నా మీద కోపమేం లేదు, పని మీద ధ్యాస, చేసుకోనీ' అంది."

బైండింగమ్మ పెట్టె సర్దింది. మందులు, చీరలు, దువ్వెన, పిల్లులకు పాలు పోసే రెండు సత్తుమూతలు. చప్పుడయ్యేలా మూత వేసింది. వ్యాను దాకా మోసుకెళ్లి లోపల పెట్టింది. ఇంజను మొదలయ్యాక కిటికీ పట్టుకుంది.

"ఏమయ్యా, ఫారం దొరికిందని చెప్పు."

"చెబుతా."

"జడ్జి తీయలేదని చెప్పు." గదమాయించినట్టు అంది. ఆ కోపం ఎవరి మీదో ఇప్పుడు స్పష్టంగానే తెలుస్తోంది. "మైనపు కాగితం నేనే వేయలేదని చెప్పు. మర్చిపోకు. ఆ మాటే చెప్పు."

వ్యాను వెళ్లిపోయింది. ఆమె లోపలికి వచ్చి, చల్లారిపోయిన రెండో కప్పు టీ పక్కకు జరిపి, దీపం వేసింది. కిటికీ పక్క పేముకుర్చీలో మైనపు కాగితాల దొంతర ఉంది. అన్నీ మామూలు పుస్తకాల కొలతవే. పైనున్న రెండు మాత్రం పెద్దవి, సరిగ్గా ఆ రిజిస్టరు కొలతకు మొన్ననే కోసి పెట్టినవి. అంచులు వణుకుతో కొంచెం వంకర పోయాయి, మధ్యలో జడ్జి పడుకున్న గుంట ఇంకా అలాగే ఉంది.