పట్టీ మీద పచ్చరంగు

నేను ఒక ఎర్తింగు కర్రను. బాలానగర్‌లో కెపాసిటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో ఉద్యోగం చేసి, ఇప్పుడు అద్దాల బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్నాను. చూడవచ్చినవాళ్లు నన్ను బూజుకర్ర అనుకుంటారు. అనుకోనివ్వండి.

నన్ను పుట్టించినవాడు టెక్నీషియన్ రాజలింగం. ఎండిన వెదురుకు వార్నిష్ పట్టించి, కొసన ఇత్తడి కొక్కెం బిగించి, దాన్నుంచి ఒక వైరు లాగి, గోడవెంట నేలలోకి దిగే రాగి పట్టీకి క్లిప్పుతో తగిలించాడు. స్విచ్ ఆపినా కెపాసిటర్ కడుపులో కరెంటు నిలిచే ఉంటుంది. మనిషి ముట్టుకోకముందే నేను ముట్టుకుని దాన్ని నేలలోకి పంపాలి. అప్పుడు ఠప్పుమంటుంది. ఆ చప్పుడు వినకుండా రాజలింగం ఏనాడూ చెయ్యి చాచలేదు.

తర్వాత నేను పరిశోధన విభాగం ఇంజినీరు కాత్యాయని చేతికి వచ్చాను. విదేశాల నుంచి తెప్పించుకునే రకం కెపాసిటర్‌ను ఇక్కడే చేసి చూపాలని మూడేళ్లు తిండీ నిద్రా మరిచిన మనిషి. ఆ పరీక్ష చూడటానికి ఢిల్లీ నుంచి అధికారులు వస్తున్నారన్నారు. ఇంకేం, గదికి సున్నం, రాగి పట్టీకి దట్టంగా పచ్చరంగు. ఆ వారం రాజలింగం సెలవులో ఉన్నాడు. నా క్లిప్పును ఎవరో ఆ రంగు మీదే తగిలించారు. రంగులోంచి కరెంటు పోదు. క్లిప్పు రంగు మీద ఉందన్న సంగతి నా ఒక్కదానికే తెలుసు. నాకేమో నోరు లేదు.

రెండువేల వోల్టులు ఎక్కించారు. పది నిమిషాలు గదిలో ఒక్కరూ దగ్గలేదు. కెపాసిటర్ తట్టుకుంది! కాత్యాయని స్విచ్ ఆపి, నన్ను తీసి కొక్కెం ఆనించింది. చప్పుడు లేదు. ఆ సంతోషంలో ఆమె గమనించనే లేదు. నన్ను పక్కన పెట్టి, తన కెపాసిటర్‌ను రెండు చేతులా ఎత్తబోయింది. జానెడు దూరం. బెత్తెడు. నాకు గుండె లేదు గానీ, ఉంటే అప్పుడే ఆగిపోయేది.

“ముట్టకుండ్రి మేడమ్!” సెలవు ముగించుకుని అప్పుడే వచ్చిన రాజలింగం, తలుపు దగ్గర నుంచి కేక. “చప్పుడేది? నాకైతే ఇనబడలే!”

ఆమె చేతులు గాలిలో ఆగాయి. రాజలింగం ఉరికొచ్చి, తాళంచెవితో పట్టీని గీకి, క్లిప్పు మళ్లీ బిగించి, నన్ను ఆనించాడు. ఠప్పు! ఢిల్లీ పెద్దమనుషులు అంతెత్తు ఎగిరిపడ్డారు.

కాసేపటికి తేరుకుని, అభినందనలు చెప్పి, టీకి వెళ్లారు. కాత్యాయని వెళ్లలేదు. పట్టుచీరతోనే గోడ పక్కన కూలబడి, శాండ్‌పేపర్‌తో మిగిలిన రంగు గీకసాగింది.

“ఇడిసిపెట్టుండ్రి మేడమ్. రంగేసిన గాడిదలను పిలిపిస్త, గాళ్లతోనే గీకిపిస్త” అన్నాడు రాజలింగం.

ఆమె తలెత్తలేదు.

“వాళ్లనేం అనకండి, రాజలింగం గారూ. వేయమన్నది నేనే.”